అప్పులు కాపాడిన ఇల్లు: లిటిల్ మోర్టన్ హాల్

(మాంచెస్టర్, స్టాక్‌పోర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలు కూడా చాలామంది వచ్చారు, సంతోషం. ముందు వరసలో కూర్చోండి నాన్నా, బొమ్మలు అక్కడి నుంచి బాగా కనిపిస్తాయి.

మనలో చాలామంది చాట్స్‌వర్త్ చూశాం. లైమ్ పార్క్ అయితే వేసవిలో పిక్నిక్‌కి వెళ్ళి వస్తూనే ఉంటాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్ళేది ఆ రెండిటికే. ఈరోజు నేను చెప్పబోయే ఇల్లు వాటంత పెద్దది కాదు. కాంగల్టన్ దాటి ఏ34 రోడ్డు మీద నాలుగు మైళ్ళు వెళ్తే పక్కనే ఉంటుంది. ఇక్కడి నుంచి గంట ప్రయాణం. పేరు లిటిల్ మోర్టన్ హాల్. ఇంగ్లండ్‌లో మిగిలిన పాత చెక్క ఇళ్ళలో ఇంత అందమైనది నేను చూడలేదు. నా ఉద్యోగ జీవితమంతా కాంక్రీటుతో, ఉక్కుతో గడిచింది. అయినా నిర్మాణం గురించి నాకు ఎక్కువ నేర్పింది ఈ చెక్క ఇల్లే.

ఈ ఫోటో చూడండి. రోడ్డు వైపు నుంచి తీసింది. చుట్టూ కందకం, నిండా నీళ్ళు. దాని మీద చిన్న వంతెన. వంతెన దాటగానే మూడంతస్తుల నలుపు తెలుపుల ఇల్లు. ఒక్క గీత కూడా తిన్నగా లేదు కదా? పై అంతస్తు కింది అంతస్తు కన్నా ముందుకు వచ్చింది. దాని మీద పొడుగ్గా వరసగా కిటికీలు. ఆ కిటికీల వరస మధ్యలో కుంగి, చివర్లు లేచి కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళెవరైనా ఇది ఇవాళో రేపో పడిపోతుందనుకుంటారు. ఇల్లు మాత్రం 500 ఏళ్ళుగా ఉంది.

ముందు ఎవరి ఇల్లో చెప్పుకుందాం. మోర్టన్లు ప్రభువులు కారు, డ్యూకులు కారు. ఊళ్ళో భూములున్న స్థితిపరులు, అంతే. ఇంగ్లండ్‌లో మేనర్ అంటే ఒక భూస్వామి కింద ఉండే ఎస్టేటు. పొలాలు, కౌలుదార్లు, మర, చిన్నచిన్న తగాదాలు తీర్చే కోర్టు, అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ ఎస్టేటుకి నడుమ యజమాని ఉండే ఇల్లే మేనర్ హౌస్. కోటలా యుద్ధానికి కట్టింది కాదు. వ్యవసాయం, వసూళ్ళు, కాపురం అన్నీ ఒకే కప్పు కింద సాగే చోటు.

1348లో ఇంగ్లండ్‌కి ప్లేగు వచ్చింది. జనంలో మూడోవంతుకు పైగా పోయారని చరిత్రకారుల అంచనా. దున్నేవాళ్ళు లేక భూముల ధర పడిపోయింది. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళలో మోర్టన్లూ ఉన్నారు. తర్వాత రెండు వందల ఏళ్ళకి ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దు చేసి వాటి ఆస్తులు అమ్మకానికి పెట్టాడు. అప్పుడూ మోర్టన్లు కొన్నారు. 16వ శతాబ్దం మధ్యకి వాళ్ళ ఎస్టేటు 1,360 ఎకరాలకు పెరిగింది. పిండిమర ఉంది. నీటిశక్తితో సుత్తులు ఆడే ఇనుప కొలిమి కూడా ఉంది. ఈ ఇల్లు కట్టిన డబ్బు అలా వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు పోయిన కాలంలో కొన్న భూమి ఇది. ఇంటి అందం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలని నా ఉద్దేశం.

ఇంటి నిర్మాణం 1504, 1508 మధ్య మొదలైంది. అప్పటి యజమాని విలియం మోర్టన్. మొదట కట్టింది ఉత్తరం వైపు గ్రేట్ హాల్. యజమాని, పనివాళ్ళు, కౌలుదార్లు అందరూ కలిసి భోంచేసే పెద్ద సావడి అది. మొదట్లో నేల మట్టిదే, దాని మీద రెల్లు పరిచి ఉండేవాళ్ళు. మధ్యలో మంట. పొగ పైకి పోవడానికి చాలా ఎత్తున కప్పు. ఇప్పుడు నేల మీద రాతి పలకలున్నాయి. పైన దూలాలకి వంపు ఆనులు, వాటి మీద చెక్కిన డ్రాగన్లు ఇప్పటికీ చూడొచ్చు.

ఆ తర్వాత ఆయనా, కొడుకూ, మనవడూ తలా కొంత కలుపుతూ వచ్చారు. తూర్పు వైపు గదులు, ప్రార్థన మందిరం, ఆ తర్వాత దక్షిణం వైపు సింహద్వారం ఉన్న భాగం. చివరి ముక్క 1610 ప్రాంతంలో పడింది. అంటే నూరేళ్ళకు పైగా కడుతూనే ఉన్నారు. ఒక ఆర్కిటెక్టు గీసిన ప్లాను లేదు. ఒక్కో తరానికి వచ్చిన అవసరం, ఉన్న డబ్బు, దొరికిన వడ్రంగి, వీటిని బట్టి ఇల్లు పెరిగింది. ముంగిట్లో నిలబడి చుట్టూ చూస్తే ఆ అతుకులన్నీ తెలుస్తాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఎలా నిలబడింది?

చెషైర్‌లో ఓక్ చెట్లు బాగా ఉండేవి. అందుకే పునాది మట్టంలో కాస్త రాయి పేర్చి, దాని మీద అంతా ఓక్ చట్రమే నిలిపారు. ఓక్‌ని ఎండబెట్టి వాడరు. పచ్చిగా ఉన్నప్పుడే కోస్తారు, చెక్కుతారు. ఎండిన ఓక్ రాయిలాంటిది, ఉలి దిగదు. ఒక దూలం చివరను నాలుకలా చెక్కి, ఇంకో దూలంలో తొలిచిన బెజ్జంలోకి దింపి, రెండిటికీ అడ్డంగా ఓక్ చీల కొడతారు. ఇనుప మేకు వాడరు. చట్రం మొత్తాన్ని ముందు నేల మీద పరిచి అమర్చి చూసుకుంటారు. ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి గుర్తులు గీస్తారు. తర్వాత విప్పి, నిలబెట్టే చోటికి తెచ్చి మళ్ళీ కూరుస్తారు. పచ్చి చెక్క ఏళ్ళ తరబడి ఆరుతూ ముడుచుకుంటుంది, మెలితిరుగుతుంది. ఆ మెలికతో కీలు ఇంకా బిగుసుకుంటుంది. చట్రం వంకరపోయినా ఊడి రాకపోవడానికి ఇదే కారణం.

చట్రం గళ్ళ మధ్య ఖాళీల్లో ఏం నింపేవాళ్ళంటే, కర్రలు నిలిపి, సన్నటి రెమ్మలు అల్లి, దాని మీద మట్టి, గడ్డి కలిపి మెత్తేవాళ్ళు. మా తాతగారి ఊళ్ళో పశువుల కొట్టానికి ఉండే తడిక గోడ సరిగ్గా ఇదే పని. పైన సున్నం పూత పడేసరికి రాజసంగా కనిపిస్తుంది కానీ లోపలున్నది తడికే. బరువంతా మోసేది ఓక్ చట్రం. గోడ గాలి, వాన లోపలికి రాకుండా చూస్తుంది.

చూపు తిప్పుకోనివ్వని ఆ నలుపు తెలుపు గళ్ళలో బరువు మోసే పనికి అవసరమైనవి సగం కూడా లేవు. నాలుగు రేకుల పువ్వులు, చేప ముల్లులా ఏటవాలు గీతలు, వజ్రాకారాలు, ఇవన్నీ హోదా కోసం పెట్టినవి. ఓక్ ఖరీదైన సరుకు. ఎంత ఎక్కువ చెక్క పెడితే అంత గొప్ప. ఇంకో మాట. ఈ నలుపు తెలుపు రంగులు అసలువి కావు. ఇల్లు కట్టిన ట్యూడర్ రాజుల కాలంలో ఓక్‌ని అలాగే వదిలేసేవాళ్ళు. ఎండకీ వానకీ అది వెండి రంగు బూడిదకి తిరిగేది. మధ్య గళ్ళకి పసుపు మట్టి రంగు వేసేవాళ్ళు. తారు నలుపు, తెల్ల సున్నం కలిపిన ఈ వేషం 19వ శతాబ్దపు విక్టోరియా రాణి కాలపు ఫ్యాషన్. మన ఇళ్ళ పక్కన కనిపించే నలుపు తెలుపు ఇళ్ళు, పబ్బులు చాలావరకు ఆ ఫ్యాషన్‌ని చూసి కట్టినవే.

ఇప్పుడు ఈ రెండు కిటికీల దగ్గర కాసేపు ఆగుదాం. నాకు ఇంటి మొత్తంలో ఇష్టమైన చోటు ఇది. ముంగిట్లోంచి చూస్తే గ్రేట్ హాల్‌కీ, దాని పక్క గదికీ రెండు పెద్ద కిటికీలు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కోటి ఐదు ముఖాలు, రెండంతస్తుల ఎత్తు. రెండూ ఎంత దగ్గరగా వచ్చాయంటే పైన కప్పులు దాదాపు తగులుతున్నాయి. మొదటి విలియం కొడుకు రెండో విలియం మోర్టన్ 1559లో వీటిని పెట్టించాడు. అప్పటికి మొదటి ఎలిజబెత్ గద్దెనెక్కి ఏడాది అయింది. కిటికీల పైపట్టీ మీద చెక్కిన రాత ఉంది. సర్వంలోనూ సర్వం దేవుడే అని మొదలవుతుంది. ఈ కిటికీలను 1559లో విలియం మోర్టన్ చేయించాడని ఉంటుంది. దాని తర్వాత ఇంకో వాక్యం. దేవుని దయతో వడ్రంగి రిచర్డ్ డేల్ ఈ కిటికీలు చేశాడు.

ఆ రోజుల్లో కట్టించినవాడి పేరు ఉండటం మామూలే. కట్టినవాడి పేరు, వృత్తితో సహా, యజమాని పేరు పక్కనే, అంతే సైజు అక్షరాల్లో ఉండటం చాలా అరుదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బిల్డింగుల మీద పనిచేశాను. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లు చూశాను, చైర్మన్ల పేర్లు చూశాను. మేస్త్రీ పేరు ఎక్కడా చూడలేదు. అందుకే ఆ పట్టీ ముందు నిలబడితే నాకు కదలబుద్ధి కాదు. అక్షరాలు ఒకే వరసలో ఉండవు, స్పెల్లింగ్ ఇప్పటిలా ఉండదు. ఉలి దెబ్బలు ఎక్కడ లోతుగా పడ్డాయో, ఎక్కడ తేలిపోయాయో కూడా తెలుస్తుంది.

ఆ కిటికీల్లో గాజు కూడా చూడండి. చిన్నచిన్న గాజు ముక్కలు సీసపు పట్టీల్లో బిగించి ఉంటాయి. ఇంట్లో మొత్తం అలాంటివి సుమారు 30,000 అని లెక్క. అప్పట్లో పెద్ద పలక చేయడం కష్టం కాబట్టి ముక్కలుగా కూర్చేవాళ్ళు. కిటికీ కిటికీకీ ఆ అమరిక మారుతుంది. ఒకచోట వజ్రాలు, ఒకచోట చతురస్రాలు, ఇంకోచోట నక్షత్రాలు. ఎండ పడినప్పుడు ఒక్కో ముక్క ఒక్కో కోణంలో మెరుస్తుంది. ఎందుకంటే ఏదీ పూర్తిగా చదునుగా లేదు.

విలియం కొడుకు జాన్ మోర్టన్. దక్షిణం వైపు భాగం కట్టించింది ఇతనే. పని మొదలయ్యాక పైన ఇంకో అంతస్తు కావాలన్నట్టుంది. అప్పుడు ఎలిజబెత్ కాలపు గొప్పింటికి లాంగ్ గ్యాలరీ ఉండాలి. వాన పడే రోజుల్లో లోపలే అటూ ఇటూ నడవడానికి, ఆడుకోవడానికి వాడే పొడుగాటి గది. ఇక్కడిది 68 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. రెండు పక్కలా కిటికీలే. దాని మీద కప్పు ఏంటో తెలుసా? రాతి పలకలు. ఇసుకరాతి పెంకులు. టన్నుల కొద్దీ బరువు.

ఏ స్ట్రక్చరల్ ఇంజనీర్‌కైనా ఇది చూస్తే టెన్షన్ వస్తుంది. రెండంతస్తుల బరువుకని లెక్కేసుకున్న చట్రం మీద మూడో అంతస్తు ఎక్కించారు. ఆ అంతస్తుకి గోడలు లేవు, కిటికీలే. దాని మీద రాతి కప్పు. ఇంకేం జరుగుతుంది? దూలాలు కుంగాయి. గ్యాలరీ నేల అలలా తయారైంది. పక్కలు బయటికి తోసుకొచ్చాయి. 17వ శతాబ్దంలోనే పక్కలు విచ్చుకోకుండా లోపల అడ్డకట్టులు వేశారు. ఇప్పటికీ ఆ గదిలో నడుస్తుంటే కాళ్ళకి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బయటి నుంచి మనం చూసే వంకరంతా ఈ గ్యాలరీ చలవే.

(సభలోంచి ఒకరు: అంత బరువు పడితే కూలిపోవాలి కదండీ?)

మంచి ప్రశ్న అమ్మా. ఇటుకతో కట్టిన గోడ అయితే పగులు వచ్చి పడిపోయేది. ఇటుక గోడ కొద్దిగా కూడా వంగలేదు. ఓక్ చట్రం వంగుతుంది. వంగిన కొద్దీ బరువు ఒక కీలు నుంచి పక్క కీలుకి మళ్ళుతుంది. ఒక దూలానికి మోయలేనంత భారమైతే దాని పక్కది అందుకుంటుంది. ఇల్లంతా మెల్లమెల్లగా, ఏళ్ళ మీద, తనకు వీలైన ఆకారంలోకి సర్దుకుంది. మనం ఇప్పుడు చూసేది ఆ సర్దుబాటునే. అలాగని దేవుడి మీద వదిలేయలేదు, తర్వాతివాళ్ళు ఉక్కు కడ్డీలు కూడా బిగించారు. ఆ సంగతికి వస్తాను.

గ్యాలరీ రెండు చివర్లా పైన గోడకి సున్నపు బొమ్మలున్నాయి. ఒకవైపు అదృష్టదేవత తన చక్రంతో, రెండోవైపు విధి చేతిలో గోళంతో. చక్రాన్ని అజ్ఞానం నడుపుతుందనీ, గోళాన్ని జ్ఞానం నడుపుతుందనీ కింద రాసి ఉంది. ఈ బొమ్మలు రాబర్ట్ రికార్డ్ 1556లో అచ్చేసిన ఖగోళ శాస్త్ర పుస్తకం ముఖచిత్రం నుంచి తీసుకున్నవి. పిల్లలూ, మీరు లెక్కల్లో రోజూ వాడే సమానం గుర్తు ఉంది కదా, రెండు చిన్న గీతలు. దాన్ని మొదట వాడింది ఆయనే, 1557లో. ఒక పల్లెటూరి భూస్వామి ఇంట్లో, మేడ మీద గదిలో, అప్పుడప్పుడే వచ్చిన సైన్సు పుస్తకం బొమ్మ ఉందంటే ఆ ఇంట్లో చదువు మీద మమకారం ఉండేదని నేను నమ్ముతాను. ఆ గదిలో పిల్లల అల్లరికీ లోటు లేదు. చెక్క పలకల వెనక 17వ శతాబ్దం తొలినాళ్ళ టెన్నిస్ బంతులు దొరికాయి.

పడక గదుల పక్కన మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. అవి తిన్నగా కందకంలోకే. పిల్లలు నవ్వుతున్నారు కానీ, ఆ రోజుల్లో మేడ మీదే ఆ సౌకర్యం ఉండటం మామూలు విషయం కాదు.

సరే, ఇంత బాగా ఎదిగిన కుటుంబం. 1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. మోర్టన్లు రాజు పక్షం. చుట్టుపక్కల వాళ్ళు ఎక్కువమంది పార్లమెంటు పక్షం. 1643లో పార్లమెంటు సైన్యం ఇంటిని స్వాధీనం చేసుకుని సైనికులను దింపింది. ఇల్లు తిరిగి దక్కింది కానీ కుటుంబం మళ్ళీ కోలుకోలేదు. 1654లో మూడో విలియం మోర్టన్ పోయేనాటికి 3,000 నుంచి 4,000 పౌండ్ల దాకా అప్పులున్నాయి. ఆ కాలానికి అది కొంప ముంచే మొత్తం. వారసులు మళ్ళీ తాకట్లు పెట్టారు, భూములు అమ్మారు. 1670లు ముగిసేసరికి మోర్టన్లు ఆ ఇంట్లో ఉండటం మానేశారు. కౌలు రైతులకి అద్దెకిచ్చారు.

నేను ఇందాకటి నుంచి చెప్పాలనుకుంటున్నది ఇక్కడుంది. ఆ అప్పులే ఈ ఇంటిని కాపాడాయి.

చాట్స్‌వర్త్ సంగతి చూడండి. ఇప్పుడు మనం చూసే రాతి భవనానికి ముందు అక్కడ ఎలిజబెత్ కాలపు ఇల్లు ఉండేది. డెవన్‌షైర్ మొదటి డ్యూకు 1687 నుంచి ఒక్కో వైపూ పడగొట్టి కొత్తగా కట్టించాడు. లైమ్ పార్క్ కూడా ఎలిజబెత్ కాలపు ఇల్లే. 1720ల్లో వెనిస్ ఆర్కిటెక్టు లియోనీని పిలిపించి దానికి ఇటలీ రూపం ఇచ్చారు. పాత ఇంటి ఆనవాళ్ళు వెతుక్కోవాలి. డబ్బున్న కుటుంబం ప్రతి యాభై ఏళ్ళకీ ఫ్యాషన్ మార్చుకుంటుంది. వంకర నేలలు, చీకటి సావళ్ళు, చిన్న గాజు ముక్కలు, వీటన్నిటికీ సిగ్గుపడుతుంది. పడగొట్టి రాతి స్తంభాలు పెడుతుంది. మోర్టన్ల దగ్గర పడగొట్టడానికి కూడా డబ్బు లేదు. డెర్బీషైర్‌లో హాడన్ హాల్ చరిత్రా కొంతవరకు ఇలాంటిదే. అక్కడి యజమానులకు డబ్బు లేక కాదు, 1700 ప్రాంతంలో వేరే కోటకి కాపురం మార్చారు. పాత ఇల్లు రెండు వందల ఏళ్ళు అలా తాళం వేసి ఉండిపోయింది. అందుకే ఇవాళ అది మధ్యయుగాల ఇల్లులా ఉంది. వాస్తు చరిత్ర పుస్తకాల్లో ఎవరు కట్టారన్నదే రాస్తారు. ఎవరు కట్టలేకపోయారన్నది కూడా రాయాలి.

అలాగని నిర్లక్ష్యం మంచిదని నేను అనడం లేదు. 1847 నాటికి ఇంట్లో చాలాభాగం ఖాళీ. ప్రార్థన మందిరంలో బొగ్గు పోసుకునేవాళ్ళు. ఇంకో తరం అలాగే వదిలేస్తే నేలమట్టమయ్యేది. 1841లో డేల్ అనే రైతు కుటుంబం కౌలుకి వచ్చింది. వాళ్ళు ఇంట్లో ఒక భాగంలో కాపురం ఉంటూ పొలం చేసుకున్నారు. ఇల్లంటే అందులో మనిషి ఉండాలి. పొయ్యి వెలగాలి, కప్పు కారితే ఎవరో ఒకరు పైకెక్కాలి. ఆ పని చేసింది వాళ్ళే.

1892లో ఇల్లు ఎలిజబెత్ మోర్టన్ చేతికి వచ్చింది. ఆవిడ ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చికి చెందిన సన్యాసిని. శిథిలమైపోతున్న ఆ ఇంట్లో మొదట ప్రార్థన మందిరాన్ని బాగు చేయించింది. లాంగ్ గ్యాలరీకి ఉక్కు కడ్డీలు బిగించింది కూడా ఆవిడే అంటారు. 1912లో పోయేముందు ఇంటిని తన బంధువు, డెర్బీ బిషప్ చార్లెస్ ఏబ్రహాంకి రాసింది. ఒకే షరతు: ఎన్నటికీ అమ్మకూడదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఇల్లు అమ్మితే వచ్చే డబ్బు ఆవిడకి అక్కర్లేదు. ఆ ఇంటి విలువ పూర్తిగా తెలిసిన చివరి మోర్టన్ ఆవిడే అనిపిస్తుంది నాకు.

బిషప్ ఇంటిని జనం చూడటానికి తెరిచాడు. టికెట్ ఆరు పెన్నీలు. వసూలు చేసేది, దగ్గరుండి తిప్పి చూపించేది డేల్ కుటుంబమే. 1938లో బిషప్, ఆయన కొడుకు కలిసి ఇంటిని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి అప్పగించారు. అప్పటికి నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ ఇల్లు ఒకే వంశం చేతిలో ఉంది.

ట్రస్టు చేతికొచ్చాక కూడా ఇల్లు కొత్త సంగతులు చెబుతూనే ఉంది. 1976లో పార్లర్ గదిలో, జార్జియన్ కాలపు, అంటే 18వ శతాబ్దపు జార్జి రాజుల నాటి, చెక్క పలకల వెనక, పాత కుడ్యచిత్రాలు బయటపడ్డాయి. బైబిల్ కథ సుసన్నాది. నీతిమంతురాలి మీద పెద్దమనుషులు నింద వేస్తే ఆమె నిర్దోషిగా బయటపడే కథ. బొమ్మల్లో మోర్టన్ల గుర్తు అయిన తోడేలు తల, జే, ఎం అనే రెండు అక్షరాలు ఉన్నాయి. జాన్ మోర్టన్ 1598లో పోయాడు కాబట్టి బొమ్మలు అంతకు ముందువే అయి ఉండాలి. గోడ కింది భాగంలో చెక్క పలకలు ఉన్నట్టు రంగుతో గీశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు దాని మీదే నిజమైన చెక్క పలకలు కొట్టించారు. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ రంగులు చీకట్లో ఉండి బతికాయి.

ఇంట్లో సామాను మాత్రం దాదాపు ఏమీ లేదు. అప్పటివి మూడే మిగిలాయి: ఒక పొడుగాటి భోజనాల బల్ల, ఒక పెద్ద బీరువా, కిటికీ మూలలో పెట్టే ఒక పెద్ద గుండ్రబల్ల. ఆ గుండ్రబల్ల పేరు 1599 నాటి ఇంటి సామాను జాబితాలో ఉంది. గదులు బోసిగా ఉన్నాయని కొంతమంది నిరాశపడతారు. నాకు అదే నచ్చింది. తివాచీలు, కుర్చీలు అడ్డం లేకపోతే చూపు నేరుగా చట్రం మీద, కీళ్ళ మీద, చీలల మీద పడుతుంది.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. తెరిచి ఉండే రోజులు సీజన్‌ని బట్టి మారతాయి, ముందే చూసుకుని బయల్దేరండి. మెట్లు ఇరుకు, నేల ఎత్తుపల్లాలు, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మేడ మీదికి బలవంతపెట్టకండి. కింద గ్రేట్ హాల్, ముంగిలి చూసినా చాలు. ముంగిట్లో రిచర్డ్ డేల్ రాత చదవడానికి మధ్యాహ్నం వెలుతురు మంచిది. ఏటవాలుగా పడే ఎండలో అక్షరాల లోతు బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ కీళ్ళ గురించి గానీ, కప్పు బరువు గురించి గానీ అడగాలనుకున్నవాళ్ళు అడగండి. పిల్లలకి మొదటి అవకాశం.